క్రూజ్‌లో డ్రింక్స్ ఖర్చు తగ్గాలంటే సంచీలో ఏం పెట్టుకోవాలి, ఏం పెట్టుకోకూడదు

థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి డాలస్ నుంచి కారులో టెక్సస్‌లోనే ఉన్న గాల్వెస్టన్ రేవుకి వెళ్ళి 7 రోజుల క్రూజ్ ఎక్కుతున్నాం, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న, ఓడలో డ్రింక్స్ రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి, అన్నీ ఇంటి నుంచే పట్టుకెళ్తే ఎంత మిగులుతుంది, నాన్నకి రాత్రి రెండు పెగ్గులు అలవాటు, ఫ్రెండేమో మౌత్‌వాష్ సీసాలో విస్కీ పోసుకెళ్ళమంటున్నాడు, అలా చెయ్యొచ్చా అని అడిగారు కదండీ. మేము హ్యూస్టన్ పక్కనే ఉంటాం, ఇప్పటికి తొమ్మిది క్రూజులు చేశాం, అందులో ఆరు గాల్వెస్టన్ నుంచే, మా అత్తమామల్ని రెండుసార్లు, మా అమ్మని ఒకసారి తీసుకెళ్ళాం. కాబట్టి మీరు అడిగినవన్నీ మేమూ ఒకప్పుడు అడిగినవే. కొంచెం పెద్ద సమాధానం, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ మౌత్‌వాష్ సంగతి. వద్దండీ. ఫ్రెండ్స్ అందరూ చెప్తారు, ఆకుపచ్చ రంగు కలిపి మౌత్‌వాష్ సీసాలో పోస్తారు, షాంపూ సీసాలాంటి ఖాళీ డబ్బాలు, పల్చటి ప్లాస్టిక్ సంచులు ఆన్‌లైన్‌లో ప్రత్యేకంగా దీనికోసమే అమ్ముతారు, నీళ్ళ సీసా మూత ఊడకుండా మళ్ళీ సీల్ చేసే మూతలు కూడా దొరుకుతాయి. కొందరికి దొరక్కుండా పోవచ్చు. కానీ సూట్‌కేసులన్నీ ఎక్స్‌రేలోంచి వెళ్తాయి, అక్కడ కూర్చునే వాళ్ళకి రోజూ ఇదే పని, మౌత్‌వాష్ సీసా అంటేనే ముందు మూత తీసి వాసన చూస్తారు. దొరికితే పారబోస్తారు, డబ్బులివ్వరు, తిరిగివ్వరు. ఇంకా ఎక్కువ చేస్తే ఎక్కనివ్వకుండా ఆపే హక్కు కూడా వాళ్ళ టికెట్ కాంట్రాక్ట్‌లోనే రాసి ఉంటుంది, మనం చదవకుండా టిక్కు పెట్టేది అదే.

నాకు అంతకంటే బాధగా అనిపించేది ఇంకోటుంది. కార్నివాల్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ళు 2015 వరకు మంచినీళ్ళ సీసాల కేసులు తెచ్చుకోనిచ్చేవాళ్ళు. ఆ ఏడాది జులై నుంచి నీళ్ళైనా కూల్‌డ్రింక్ అయినా సీసాల్లో తేకూడదన్నారు. కారణం ఏం చెప్పారంటే, సీసాల్లో మందు పోసి తెచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు, ప్రతి సీసా చెక్ చేసేసరికి లైన్ కదలట్లేదు అని. అంటే ఎవరో నాలుగు పెగ్గులు మిగుల్చుకోవాలని చేసిన పనికి పెద్దవాళ్ళూ చిన్నపిల్లల తల్లులూ నీళ్ళ సీసాలు పోగొట్టుకున్నారు. మీ ఫ్రెండ్‌కి ఇది కూడా చెప్పండి.

ఇక బ్యాగ్ ఆగిపోవడం అంటే ఎలా ఉంటుందో నేను స్వయంగా చూశాను, మందు వల్ల కాదు, కెటిల్ వల్ల. మా రెండో క్రూజ్, అత్తమామలతో మొదటిది. మా అత్తగారికి పొద్దున లేవగానే అల్లం టీ పడాలి, ఓడలో ఇచ్చే టీ బ్యాగ్ నీళ్ళు ఆవిడకి టీయే కాదు, అందుకని చిన్న ఎలక్ట్రిక్ కెటిల్ ఒకటి వాళ్ళ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టేశాను, ఏమవుతుందిలే అని. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కాం. అందరి సూట్‌కేసులూ సాయంత్రం అయిదింటికల్లా గుమ్మం ముందుకొచ్చాయి, వాళ్ళది మాత్రం రాలేదు. ఏడైంది, రాలేదు. అందులో మామగారి బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు అన్నీ ఉన్నాయి, రాత్రి భోజనానికి ముందు వేసుకోవాల్సినవి. నేనూ మా ఆయనా కిందికి దిగి సెక్యూరిటీ గదికి వెళ్తే అక్కడ ఇరవై ముప్పై బ్యాగులు వరసగా నిలబెట్టి ఉన్నాయి, ఒక్కొక్కళ్ళనీ పిలిచి వాళ్ళ ఎదురుగానే తెరుస్తున్నారు, మా వంతు వచ్చేసరికి తొమ్మిది దాటింది. కెటిల్ తీసుకుని చీటీ ఇచ్చి దిగేరోజు ఇస్తామన్నారు, మర్యాదగానే మాట్లాడారు, తప్పు పూర్తిగా నాదే. కెటిల్, ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్, నీళ్ళలో ముంచి కాచే కాయిల్ లాంటివన్నీ ఓడలో నిషేధం, నడిసముద్రంలో నిప్పు అంటుకుంటే పరిగెత్తడానికి చోటుండదు కాబట్టి ఆ విషయంలో వాళ్ళు ఎవరి మాటా వినరు. అందుకే చెప్తున్నాను, వేసుకునే మాత్రలు ఎప్పుడూ చేతి సంచీలోనే ఉండాలి, ఆగిపోయే వస్తువు ఏదీ సూట్‌కేసులో ఉండకూడదు.

ఇప్పుడు మీరు న్యాయంగా ఏం తీసుకెళ్ళొచ్చో చూద్దాం. మీ ఓడ ఏ కంపెనీదో మీరు రాయలేదు, అదే అసలు ముఖ్యం, ఎందుకంటే ఒక్కోళ్ళది ఒక్కో రూల్. గాల్వెస్టన్ నుంచి కార్నివాల్, రాయల్ కరీబియన్ ఎక్కువ తిరుగుతాయి, నార్వేజియన్ ఉంది, కొన్ని సీజన్లలో డిస్నీ, ప్రిన్సెస్ కూడా వస్తుంటాయి. కార్నివాల్ అయితే 21 దాటిన ప్రతి మనిషీ 750 మి.లీ. వైన్ గానీ షాంపేన్ గానీ ఒక సీసా సీల్ తియ్యకుండా తెచ్చుకోవచ్చు, ఎక్కేరోజు మాత్రమే, చేతి సంచీలో మాత్రమే. మందు లేనివి అయితే మనిషికి 12 డబ్బాలు, ఒక్కోటి 12 ఔన్సులు అంటే 355 మి.లీ. దాటకూడదు, అది క్యాన్ అయినా ఉండాలి, అట్ట డబ్బా అయినా ఉండాలి, సీసా కాకూడదు. రాయల్ కరీబియన్‌లో కూడా పెద్దవాళ్ళకి మనిషికి ఒక వైన్ సీసా. నార్వేజియన్ పూర్తిగా తిరగేసి ఉంటుంది, వైన్ ఎన్ని సీసాలైనా రానిస్తారు కానీ ప్రతి సీసాకీ ఫీజు కట్టాలి, కూల్‌డ్రింకులూ నీళ్ళూ మాత్రం ఎక్కనివ్వరు. డిస్నీ అన్నిటికంటే చెయ్యి పెద్దది, పెద్దవాళ్ళకి మనిషికి రెండు వైన్ సీసాలు లేదా ఆరు బీర్లు, ఎక్కేరోజే కాదు, మధ్యలో ఆగే ప్రతి ఊళ్ళోనూ అన్ని తెచ్చుకోవచ్చు. ప్రిన్సెస్‌లో మనిషికి ఒక సీసా రూములో తాగితే ఫీజు లేదు. విస్కీ, రమ్, వోడ్కా మాత్రం వీటిలో ఎవరూ ఒప్పుకోరు. ఈ రూల్స్ చెప్పాపెట్టకుండా మారుస్తుంటారు కాబట్టి బయల్దేరే వారం వాళ్ళ సైట్‌లో ఆల్కహాల్ పాలసీ పేజీ ఒక్కసారి తెరిచి ఆ లైన్ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, గేట్ దగ్గర ఎవరైనా వేరేగా చెప్తే చూపించొచ్చు.

వైన్ గురించి ఒక మాట. కార్నివాల్, రాయల్ కరీబియన్‌లలో సీసా రూములోనే తాగితే ఏమీ లేదు కానీ డైనింగ్ హాల్‌కి పట్టుకెళ్తే కార్క్ ఫీజు అని సీసాకి 15 డాలర్ల దరిదాపుల్లో వేస్తారు. 10 డాలర్ల సీసాకి 15 డాలర్ల ఫీజు కట్టడం ఎందుకండీ, రూములోనే గ్లాసులో పోసుకుని ఆ గ్లాసు చేత్తో పట్టుకుని డిన్నర్‌కి వెళ్ళండి, మేము ఎప్పుడూ అంతే, ఎవరూ ఏమీ అనలేదు. తిప్పుడు మూత ఉన్న సీసా కొనండి, కార్క్ తీసే దానికోసం వెతుక్కునే పని ఉండదు. మీరు, మీ ఆవిడ, అమ్మ, నాన్న నలుగురు పెద్దవాళ్ళు కాబట్టి నాలుగు సీసాలు వస్తాయి, తాగేది ఇద్దరే అయినా సరే, అమ్మగారి చేతి సంచీలో ఆవిడ వంతు ఆవిడ పేరు మీద పెట్టండి. ఒకే సంచీలో నాలుగు పెడితే ఎవరివి అని లైన్‌లో అందరినీ పిలిచి నిలబెడతారు.

మీ నాన్నగారి రెండు పెగ్గులు. ఇక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు, తీసుకెళ్ళక కాదు, ప్యాకేజీ కొని. బుక్ చేసిన దగ్గర్నుంచీ మెయిళ్ళు వస్తూనే ఉంటాయి, డ్రింక్స్ ప్యాకేజీ ఇప్పుడే కొంటే ఇంత తగ్గింపు అని. అందులో ఉన్న మెలిక ఏంటంటే కార్నివాల్‌లోనూ రాయల్ కరీబియన్‌లోనూ ఒకే రూములో ఉన్న పెద్దవాళ్ళలో ఒకళ్ళు మందు ప్యాకేజీ కొంటే మిగతా పెద్దవాళ్ళు కూడా కొనాలి. అంటే నాన్నగారి కోసం జన్మలో చుక్క ముట్టని అమ్మగారికి కూడా కొనాలి. రోజుకి మనిషికి టిప్పుతో కలిపి 80 డాలర్లు అనుకోండి, ఓడని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది, ఇద్దరికీ 7 రోజులకి 1120 డాలర్లు. అదే బార్‌లో విడిగా కొంటే పెగ్గు 12 డాలర్లు, పైన 18 నుంచి 20 శాతం టిప్పు వాళ్ళే కలిపేస్తారు, 14 అనుకుందాం, రోజుకి రెండు అంటే 28, 7 రోజులకి 196. తేడా 900 డాలర్ల పైనే. కార్నివాల్ ప్యాకేజీలో రోజుకి 15 డ్రింకుల వరకు ఇస్తారు, కానీ రోజుకి అయిదారు తాగితే గానీ ఆ డబ్బు గిట్టదు, రెండు పెగ్గుల మనిషికి అది నష్టం. నాన్నగారికి పెగ్గులు విడిగా కొనివ్వండి, చక్కగా బార్ దగ్గర కూర్చుని ఐసు వేసుకుని సముద్రం చూస్తూ తాగుతారు, బాత్రూం గ్లాసులో పుదీనా వాసన వచ్చే విస్కీ ఆయనకెందుకు పొయ్యాలి చెప్పండి. రసీదు మీద టిప్పు కోసం ఇంకో ఖాళీ గీత ఉంటుంది, టిప్పు ముందే కలిపేసి ఉంటుంది కాబట్టి అక్కడ రాయకపోయినా తప్పేం లేదు, తెలియక చాలామంది రెండుసార్లు ఇస్తుంటారు.

దారిలో ఓడ ఆగే మెక్సికో రేవు కోజుమెల్‌లో చవగ్గా ఫుల్ బాటిల్ కొని రూములో పెట్టుకోవచ్చు కదా అని కూడా అడుగుతారు. కొనొచ్చు కానీ తిరిగి ఓడ ఎక్కేటప్పుడు స్కానర్ దగ్గర తీసుకుని చీటీ ఇస్తారు, ఆఖరి రాత్రి గానీ చేతికి రాదు. ఓడలోని డ్యూటీఫ్రీ షాపులో కొన్నా అంతే. పైగా గాల్వెస్టన్‌లో దిగాక కస్టమ్స్‌తో పాటు టెక్సస్ ఆల్కహాల్ కమిషన్ వాళ్ళ కౌంటర్ ఒకటి ఉంటుంది, సీసా లెక్కన రాష్ట్ర పన్ను, ఫీజు వసూలు చేస్తారు, ఇది ఫ్లోరిడా నుంచి వెళ్ళొచ్చిన వాళ్ళకి తెలియదు కాబట్టి ఎవరూ చెప్పరు. అమెరికా కస్టమ్స్ మామూలుగా 21 దాటిన మనిషికి ఒక లీటరు వరకు డ్యూటీ లేకుండా వదిలేస్తారు, ఈ రాష్ట్రం పన్ను మాత్రం ఆ లీటరుకి కూడా ఉంటుంది. ఇంటికి తెచ్చుకోవడానికి ఇష్టమైన టకీలా అయితే కొనండి, మిగులుతుందని మాత్రం కొనకండి.

సరే, ఇంక అసలు సంగతికి వస్తాను, మీరు అడగలేదు కానీ నేను ఈ సమాధానం రాయడానికి కూర్చున్నది దీనికోసమే. మన పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు డ్రింక్స్ అంటే మందు కాదు, మంచినీళ్ళు.

ఆ కెటిల్ క్రూజ్‌లోనే జరిగింది. రూములో అద్దం కింద బల్ల మీద రెండు పెద్ద నీళ్ళ సీసాలు పెట్టి ఉంటాయి, చూడటానికి మర్యాద కోసం పెట్టినట్టే ఉంటాయి, కానీ సీసా మెడకి ఒక చిన్న అట్టముక్క వేలాడుతుంది, దాని మీద రేటు. మామగారు రిటైరయిన లెక్కల మాస్టారు, రూములోకి రాగానే కళ్ళజోడు పెట్టుకుని ఆ అట్ట చదివారు. చదివి మనసులో రూపాయల్లోకి మార్చుకున్నారు. మాకేమీ చెప్పలేదు. ఆ తర్వాత ఆయన ఓడలో ఎక్కడా ఏదీ అడగలేదు. బఫేలో మేం ప్లేట్లు తెచ్చుకుంటే ఆయన అన్నం, పండ్లు తిన్నారు కానీ గ్లాసు ముట్టుకోలేదు, అవి కూడా ఓడలో ఖర్చులు రాసే రూము కార్డు మీద పడతాయేమో అనుకున్నారు, ఎందుకంటే ఎవరిని చూసినా ఏది తీసుకున్నా కార్డు ఇస్తున్నారు కదా బార్ దగ్గర. మూడోరోజు మధ్యాహ్నం మెక్సికోలోని కోస్టా మాయా రేవులో దిగాం, ఎండ విపరీతం, జెట్టీ మీద చాలా దూరం నడవాలి, తిరిగొస్తూ ఆయన రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయారు. పెదాలు తెల్లగా పిడచకట్టి ఉన్నాయి. నేను చెయ్యి పట్టుకుని నీళ్ళు తాగారా మామయ్యా అంటే, తాగుతాలేమ్మా, ఇంటికెళ్ళాక, అన్నారు. ఇంటికెళ్ళడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఓడలో డాక్టర్ దాకా వెళ్ళాల్సిన పని పడలేదు, నీడలో కూర్చోబెట్టి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పడితే గంటలో కోలుకున్నారు. కానీ ఓడ డాక్టర్ దగ్గరికే వెళ్ళి ఉంటే ఆ బిల్లు ముందు మీ డ్రింక్స్ బిల్లు ఏ మూలకీ రాదు, ఇండియా నుంచి వచ్చిన వాళ్ళకి ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉన్నా ముందు మనమే కట్టి తర్వాత తెచ్చుకోవాలి.

కాబట్టి ఎక్కగానే, రూములోకి కూడా వెళ్ళకముందే, అమ్మానాన్నల్ని బఫేకి తీసుకెళ్ళి ఏది ఉచితమో చేత్తో చూపించండి. చల్లటి నీళ్ళు, ఐసు, నిమ్మరసంలాంటి లెమనేడ్, ఐస్‌డ్ టీ, మామూలు కాఫీ, టీ బ్యాగులు, వేడినీళ్ళు, పొద్దున పూట జ్యూసులు, పాలు, ఇవన్నీ టికెట్‌లోనే ఉన్నాయి. నోటితో చెప్తే వాళ్ళు నమ్మరు, మనం మొహమాటానికి అలా అంటున్నాం అనుకుంటారు. మా అత్తగారి చేతనే గ్లాసు పట్టించి ఆవిడతోనే నింపించాను, పక్కన నిలబడ్డ సర్వర్ అబ్బాయి కార్డు అడగకుండా నవ్వి వెళ్ళిపోయాడు, అప్పుడు గానీ మామగారికి నమ్మకం కుదరలేదు.

ఓడ నీళ్ళు తాగొచ్చా, సముద్రం నీళ్ళే కదా అని కూడా అడుగుతారు, మా అమ్మ అడిగింది. సముద్రం నీళ్ళే ఎక్కువ భాగం, కానీ ఆవిరి చేసి చల్లార్చి గానీ, రివర్స్ ఆస్మోసిస్ అంటే మన ఇళ్ళల్లో ఆర్‌ఓ లాంటిదే కాకపోతే చాలా పెద్దది, దాంట్లోంచి పంపి గానీ ఉప్పు తీసేస్తారు, తర్వాత మినరల్స్, క్లోరిన్ కలుపుతారు, కొంత రేవుల్లోంచి కూడా నింపుకుంటారు. అమెరికా రేవులకి వచ్చే ఓడలన్నిటినీ సీడీసీ అనే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ వాళ్ళు ముందు చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తారు, 1975 నుంచీ ఉన్న ప్రోగ్రామ్ అది, 100కి 86 వస్తే పాస్, 85 వచ్చినా ఫెయిలే, మార్కులు అందరూ చూసుకునేలా పెడతారు. ఓడ ఆ చివర కొళాయిలో కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండి తీరాలని రూల్. అందుకే కొంచెం క్లోరిన్ వాసన వస్తుంది. నీళ్ళు సీసాలో పట్టి మూత తీసి రూములో ఫ్రిజ్‌లో కాసేపు పెడితే ఆ వాసన చాలావరకు పోతుంది, బఫేలో టీ దగ్గర నిమ్మ ముక్కలు ఊరికే ఉంటాయి, రెండు వేసుకోండి. మనిషికో స్టీలు సీసా ఖాళీది ఇంటి నుంచి తెచ్చుకోండి, ఇదొక్కటే మీకు వారంలో ఎక్కువ డబ్బు మిగిల్చే వస్తువు. కానీ సీసా మూతిని నీళ్ళ మిషన్ గొట్టానికి తగిలించి పట్టకండి, గ్లాసులో పట్టి సీసాలోకి వంపండి, ఓడల్లో వాంతులు విరేచనాల నోరోవైరస్ అలా ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి పాకుతుంది, దానికి శానిటైజర్ సరిగ్గా పనిచెయ్యదు, సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే.

ఇప్పుడు నేను కొన్నేళ్ళుగా చేస్తున్న పద్ధతి చెప్తాను. తడి వస్తువులకి లెక్కలుంటాయి, బరువుంటుంది, పొడి వస్తువులకి అవేమీ ఉండవు. నీళ్ళు, వేడినీళ్ళు, పాలు, పెరుగు అక్కడ ఎలాగూ ఉన్నాయి, మనకి కావాల్సింది మన రుచి ఒక్కటే, అది పొడిగా పట్టుకెళ్ళొచ్చు. అల్లం టీ ప్రీమిక్స్ పొట్లాలు ఇండియన్ స్టోర్‌లో దొరుకుతాయి, పంచదార ఉన్నవీ లేనివీ కూడా, బఫేలో వేడినీళ్ళు పొద్దున్నే దొరుకుతాయి, మా అత్తగారి టీ సమస్య కెటిల్ లేకుండా అలా తీరింది. కాఫీకి బ్రూ పొట్లాలు. ఫిల్టర్ డికాషన్ సీసాలో పోసి తేవాలనుకోకండి, ఇంట్లో చేసినవి, సీలు లేనివి ఎక్కనివ్వరు. ఓఆర్‌ఎస్ పొట్లాలు మనిషికి అయిదారు తప్పకుండా పెట్టుకోండి, దిగే ఊళ్ళో ఎండకి అవే కాపాడతాయి. పిల్లలకి టాంగ్. సబ్జా గింజలు ఒక ప్యాకెట్. ఇవన్నీ షాపు ప్యాకెట్ల లోనే ఉంచండి, జిప్‌లాక్ కవర్లో పేరు లేని తెల్లపొడి చూస్తే ఎవరైనా ఆపుతారు.

మజ్జిగ సంగతి చెప్పాలి. బ్రేక్‌ఫాస్ట్ దగ్గర తియ్యగా లేని పెరుగు ఉంటుంది, చిన్న గిన్నెల్లోనో పెద్ద పాత్రలోనో. అత్తగారు రెండు గిన్నెలు తీసుకుని స్టీలు సీసాలో వేసి, చల్లటి నీళ్ళు పోసి, టేబుల్ మీద ఉప్పు, నేను తెచ్చిన వేయించిన జీలకర్ర పొడి ప్యాకెట్ లోంచి చిటికెడు, మూత పెట్టి రెండు నిమిషాలు గట్టిగా ఊపారు. అంతే. పదకొండింటికి డెక్ మీద నీడలో కూర్చుని మామగారు అది తాగుతుంటే పక్క కుర్చీలో ఉన్న తెల్లావిడ ఏంటది అని అడిగింది, ఆవిడకీ కొంచెం పోసిచ్చారు అత్తగారు. అప్పట్నుంచీ ఆ వారమంతా అదే, మధ్యాహ్నం కూల్‌డ్రింక్ అనే మాటే రాలేదు.

కూల్‌డ్రింకుల లెక్క పిల్లల కోసం. ఓడలో క్యాన్ మూడు డాలర్ల పైన, టిప్పు వేరే. మీది కార్నివాల్ అయితే ఆరుగురికి 72 డబ్బాలు తెచ్చుకోవచ్చు అన్నమాట, కానీ అంతా మోయలేరు, చేతి సంచీలోనే తేవాలి కాబట్టి. మేము మనిషికి ఆరు చొప్పున తెస్తాం, సగం థమ్సప్ క్యాన్లు, అవి 300 మి.లీ. కాబట్టి కొలతకి సరిపోతాయి, సగం కొబ్బరినీళ్ళ అట్టడబ్బాలు 330 మి.లీ.వి, పిల్లలకి మ్యాంగో డ్రింక్ చిన్న డబ్బాలు. గాజు సీసా గోలీసోడా లాంటివి వద్దు. 12 అంగుళాల పొడవు వెడల్పు ఎత్తు దాటని చిన్న కూలర్ సంచీ కార్నివాల్‌లో ఒప్పుకుంటారు, చక్రాల సంచీలో పెట్టుకుంటే అమ్మగారు కూడా లాగగలరు. సూట్‌కేసులో మాత్రం క్యాన్లు పెట్టకండి, వాటిని విసిరేస్తారు, పగిలితే బట్టలన్నీ జిగురు. మా పిల్లలు చిన్నప్పుడు కూల్‌డ్రింక్ ప్యాకేజీ ఒకసారి కొన్నాం, రెండోరోజు నుంచి లెమనేడ్ తాగారు, డబ్బు దండగ అయింది. నాన్నగారికి నిద్రలో గురకకి పెట్టుకునే మెషిన్ ఉన్నా, పాలు తాగే పసిపిల్లలున్నా డిస్టిల్డ్ వాటర్ సీల్ ఉన్నది విడిగా రానిస్తారు, దాన్ని ఈ లెక్కలో కలపరు, చేతిలో పట్టుకుని అడిగితే చాలు.

దిగే ఊళ్ళల్లో ఓడ నుంచి నింపిన స్టీలు సీసాలతోనే దిగండి. అక్కడ కొళాయి నీళ్ళు, బళ్ళ మీద ఐసు వద్దు, సీల్ సీసా కొనండి లేదా కోజుమెల్‌లో లేత కొబ్బరిబోండాం కొట్టిస్తారు, మన రోడ్డు పక్క కొట్టినట్టే, అమ్మానాన్నలకి అది చూస్తేనే ప్రాణం లేచొస్తుంది. ఆ డబ్బు మాత్రం లెక్క చూడకండి.

వైజాగ్‌కి కూడా క్రూజ్ వచ్చింది కదా, అక్కడా ఇంతేనా అని మా చుట్టాలు అడుగుతుంటారు కాబట్టి అదీ రాసేస్తాను. ఇండియాలోని క్రూజ్ కంపెనీ కార్డీలియా వాళ్ళ ఎంప్రెస్ ఓడ 2022 జూన్‌లో చెన్నై నుంచి మొదటిసారి వైజాగ్ వచ్చింది, అది ఒకప్పుడు రాయల్ కరీబియన్ వాళ్ళ ఓడే. దాంట్లో బయటి మందు ఎక్కనివ్వరు, వైన్ సీసా కూడా కుదరదు, కాబట్టి అమెరికా రూల్స్ పట్టుకుని అక్కడికి వెళ్ళకండి.

మొత్తం మీద మీకు ఎంత మిగులుతుంది అంటే, ప్యాకేజీ కొనకపోవడం వల్ల ఒక 900, నీళ్ళూ కూల్‌డ్రింకులూ కొనకపోవడం వల్ల ఇంకో 150 నుంచి 200, నాలుగు వైన్ సీసాలు మీరూ మీ ఆవిడా బార్‌లో గ్లాసుల లెక్కన కొనే అలవాటుంటే అక్కడా ఒక 200. విస్కీ దాచి తీసుకెళ్ళి ఉంటే నాన్నగారి దగ్గర మిగిలేది ఆ 196 మాత్రమే, దానికోసం మాత్రల బ్యాగు, ఆయన మర్యాద రెండూ పణంగా పెట్టాలి.

ఎక్కేరోజు రూము శుభ్రం చేసి చూసుకునే స్టీవార్డ్ వచ్చి పేరు చెప్పి పరిచయం చేసుకుంటాడు. అప్పుడే అడగండి, బల్ల మీద రేటు అట్ట ఉన్న సీసాలు, ఫ్రిజ్‌లో అమ్మకానికి పెట్టినవి అన్నీ తీసేసి ఫ్రిజ్ ఖాళీ చేసి ఇవ్వమని, రోజూ రెండుసార్లు ఐస్ బకెట్ నింపమని. నవ్వుతూ చేస్తాడు, మేము ప్రతిసారీ అడుగుతాం. అమ్మానాన్నల రూములో ముందు చేయించండి, వాళ్ళు లోపలికి వచ్చేలోపే.